ఏం పడలేదో తెలియనప్పుడు

పేరు కింద ‘రిటైర్డ్ డాక్టర్’ అని రాసుకుంటే మా బామ్మర్ది చూసి నవ్వాడు. “తల నెరవకముందే రిటైరయ్యేది క్రికెటర్లు, నువ్వూనే బావా” అన్నాడు. నిజానికి రిటైరైంది నేను కాదు, నా వెన్నుపూస. క్యాజువాలిటీలో పొద్దస్తమానం నిలబడి చేసే ఉద్యోగం ఇక తన వల్ల కాదని అది నాకన్నా ముందే రాజీనామా ఇచ్చింది. దాని వెనకాల నేనూ బయటికి వచ్చాను. వీడ్కోలు సభలో శాలువా కప్పబోతే వంగలేకపోయాను. కప్పేవాళ్లే కుర్చీ ఎక్కారు.

నేను పనిచేసింది ఆత్మకూరులో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రి. ఉదయగిరిలో దానికో క్లినిక్కు ఉండేది. వారంలో సగం ఇక్కడ, సగం అక్కడ. ఆస్పత్రి పేరు రాయను. అందులో పనిచేసిన వాళ్లు ఇప్పటికీ నాకు పెళ్లి కార్డులు పంపుతున్నారు, ఆ మర్యాద పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

ఇది కొత్తగా క్యాజువాలిటీలో చేరే పిల్లల కోసం. జీతాలు, పీజీ సీట్లు, బదిలీల గురించి రాయను. వాటి సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. ఒకే ఒక్క రకం కేసు గురించి రాస్తాను. ఉన్నట్టుండి మనిషి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, గొంతు బిగుసుకుంటుంది, ఊపిరి ఆడదు, బీపీ పడిపోతుంది. పుస్తకంలో దాని పేరు అనాఫిలాక్సిస్. తేలు కుట్టిందనో, ఫలానా మాత్ర మింగాడనో కారణం దొరికితే మనకి సగం భారం దిగుతుంది. ఎంత వెతికినా కారణం దొరకని వాళ్లూ ఉంటారు. వాళ్లని ఎట్లా కాపాడాలో నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజు నేను క్లాసుకి పోయి ఉండను.

ప్రతి దద్దురుకీ ఒక కూరగాయ

మా వైపు ‘పడలేదు’ అనే మాట ఒకటి ఉంది. వంకాయ పడలేదు, బోరు నీళ్లు పడలేదు, నెల్లూరు పడలేదు, రెండో అల్లుడు పడలేదు. ఒంటికైనా ఇంటికైనా వచ్చిన కష్టం మొత్తం ఈ ఒక్క క్రియలో ఇమిడిపోతుంది. చిక్కేమిటంటే, ఆ క్రియకి కర్త కావాలి. ఏం పడలేదో చెప్పకుండా రోగిని పంపిస్తే మా వాళ్లు గుమ్మం దాటరు.

ఆ కర్తను సరఫరా చేసేది మా పెద్ద డాక్టరు గారు. ఆస్పత్రి ఆయనదే. హస్తవాసి మంచిదని చుట్టుపక్కల మండలాలన్నిటా పేరు. ఆ పేరు ఉత్తినే రాలేదు. స్కానింగు రాకముందే కడుపు మీద చెయ్యి పెట్టి ఆపరేషన్ కావాలో అక్కర్లేదో చెప్పగలిగిన మనిషి. దద్దుర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన దగ్గర ప్రతి దద్దురుకీ ఒక కూరగాయ సిద్ధంగా ఉండేది.

“నిన్నేం తిన్నావు?”

“సంగటి, వంకాయ పులుసు సార్.”

“వంకాయ మానెయ్.”

రోగి సంతోషంగా వెళ్లిపోయేవాడు. నేను ఆగలేక ఒకసారి అడిగాను. “సార్, ఆయన పుట్టినప్పటి నుంచి వంకాయ తింటున్నానంటున్నాడు గదా?”

“ఇన్నేళ్లూ ఓర్చుకుందిరా వంకాయ. దానికి మాత్రం ఓ హద్దుండదా?”

ఇంకోసారి గట్టిగానే అడిగాను, కారణం తెలీనప్పుడు తెలీదని చెబితే పోతుంది గదా అని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అబ్బయ్యా, నేను తెలీదంటే రేపు ఈ కుర్చీ ముందు ఎవుడు కూర్చుంటాడ్రా? ఎదురు సందులో సూదులేసే ఆయన దగ్గరికి పోతారు. ఆయనకి అన్నీ తెలుసు.”

అందులో నిజం లేకపోలేదు. మీకూ ఇదే ఇరకాటం వస్తుంది. జనానికి ధైర్యం కావాలి, మన దగ్గర ఉన్నది అనుమానం. ఆ అనుమానానికి ధైర్యం వేషం వేసి పంపేయడం చాలా సులువు. ఆ వేషం ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఆ పూటకి మనకి కనిపించదు.

మందు అనే మాట

అయితే ‘తెలీదు’ అనడానికి కూడా అర్హత కావాలి. అది నాకు నేర్పింది పెంచలయ్య.

పెంచలయ్యది అనంతసాగరం పక్క పల్లె, వరి రైతు. మూతి వాచి, ఊపిరి ఎగబోస్తూ కొన్ని నెలల్లోనే మళ్లీ మళ్లీ వచ్చాడు. మొదటిసారి చేప పడలేదన్నారు, తర్వాత వేరుశనగ, ఆ తర్వాత సోమశిల డ్యాం నీళ్లు. ఈసారి కారణం దొరకని కేసు అని రాసేద్దామని నేను కలం తీశాను. రాసే ముందు మొక్కుబడిగా అడిగాను.

“మందేమన్నా తీసుకున్నావా?”

పెంచలయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. “ఏంది సార్ ఆ మాట? మాలలో ఉండా, కనపడలా?” అని మెడలో పూసలు పైకెత్తి చూపించాడు.

“ఆ మందు కాదయ్యా.”

“పురుగుల మందా? నేనెందుకు తాగతా సార్? నాకేం కష్టమొచ్చిందని?”

మా భాషలో మందంటే సారా, మందంటే పురుగుల మందు, పొలంలో చల్లేదీ మందే, దీపావళికి కాల్చేదీ మందే. డాక్టరు రాసిచ్చేది ఆ వరసలో చివరది. నేను ఇంక మాటలు మానేసి, నోట్లో ఏదో వేసుకుని నీళ్లు తాగినట్టు చేత్తో చూపించాను.

“ఓ, బిళ్లా! నడుం నొప్పికి బిళ్ల మింగినా. కొట్లో ఇచ్చినాడు. దాన్ని మందంటారా సార్?”

వచ్చిన ప్రతిసారీ అంతకుముందు నడుం నొప్పి ఉంది, బిళ్ల ఉంది. ఆ జాతి నొప్పి మాత్రలన్నీ ఆపించాం. చేపా, వేరుశనగా, సోమశిల నీళ్లూ మళ్లీ ఆయన ఇంట్లోకి వచ్చాయి. పెంచలయ్య మళ్లీ మా దగ్గరికి రాలేదు. డాక్టరుకి అంతకన్నా మంచి సర్టిఫికెట్ ఉండదు.

కాబట్టి ‘మందు’ అని అడగకండి. నొప్పి బిళ్ల, దగ్గు సిరప్పు, ఆకు పసరు, లేహ్యం, కంటి చుక్కలు, ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. కందిరీగ, చీమ, జెర్రి అడగండి. తిన్న వెంటనే ఎండలో పని చేశారా అడగండి, కొందరికి తిండి ఒక్కటే ఏమీ చేయదు, పని ఒక్కటే ఏమీ చేయదు, రెండూ కలిస్తేనే ముంచుతాయి. మాంసం తిన్న చాలా గంటల తర్వాత వచ్చిందా అడగండి. ఆడవాళ్లయితే నెలసరికీ దీనికీ పొంతన ఉందేమో అడగండి. సిగ్గుపడితే సిస్టర్‌ని అడగమనండి. ఇవన్నీ అడిగాక కూడా ఏమీ తేలకపోతే అప్పుడు తెలీదనండి. అడగకుండా తెలీదనడం వైద్యం కాదు, బద్ధకం.

మధ్య మనిషి

మస్తాన్‌బీ ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కుతుంది. భర్త మౌలాలి కొండ చెక్క తెచ్చి కోసి ఇస్తాడు, ఆమె ఉలితో పువ్వులూ చేపలూ తేలుస్తుంది. పుట్టింట్లో నేర్చిన పని. ఉలి పట్టని రోజు అన్నం అరగదు అనేది.

ఒకరోజు మధ్యాహ్నం కాకముందే మా క్లినిక్కు ముందు మోటారు సైకిలు ఆగింది. ముందు బండి తోలుతూ ఆమె తమ్ముడు, వెనక గట్టిగా పట్టుకుని మౌలాలి, మధ్యలో మస్తాన్‌బీ. మా ప్రాంతపు అంబులెన్స్ అదే. ఇద్దరు మగవాళ్ల మధ్య మనిషిని నిటారుగా ఇరికించి, తల పడిపోకుండా వెనకవాడు గడ్డం పట్టుకుంటాడు. పాముకాటైనా, పురుడైనా, పక్షవాతమైనా అదే పద్ధతి. ఆమె తల అటూ ఇటూ వాలుతోంది. ముఖం వాచి కళ్లు మూసుకుపోయాయి. చెయ్యి పట్టుకుంటే నాడి అందలేదు.

దించగానే ఇద్దరూ ఆమెను నడిపించబోయారు. “పడుకోబెట్టండి! ఇక్కడే, నేల మీదే!” అని అరిచాను.

“ఊపిరాడడం లేదు సార్, కూర్చోబెడితే గాలాడతాది” అన్నాడు మౌలాలి.

దీన్ని మీరు గోడ మీద రాసుకోండి. ఈ జబ్బులో రక్తమంతా కాళ్లలోకి దిగిపోతుంది. నిటారుగా నిలబెడితే గుండెకి తోయడానికి ఏమీ మిగలదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఆయాసం మరీ ఎక్కువైతే కాళ్లు చాపుకుని వెనక్కి ఆనుకోనివ్వండి, వాంతి చేసుకుంటుంటే పక్కకి తిప్పండి. నిలబెట్టడం, నడిపించడం మాత్రం వద్దు. సొమ్మసిల్లిన మనిషిని లేపి కూర్చోబెట్టడం మనవాళ్ల మంచితనం. ఒక్కోసారి ప్రాణం తీసేది ఆ మంచితనమే.

మా హెడ్ నర్సు గ్రేసమ్మ అప్పటికే సూది సిద్ధం చేసింది. “దురద ఇంజెక్షన్ లోడ్ చేసినా సార్.”

“అది తర్వాత. అడ్రినలిన్ తియ్యండి.”

“అది గుండె ఆగినోళ్లకి గదా సార్?”

“ఆగేదాకా చూసి ఇద్దామా సిస్టర్?”

గ్రేసమ్మ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు తర్జుమా చేస్తే పత్రికలో వేయరు. కానీ అంత వేగంగా ఆ గాజు ఆంపూల్ విరిచిన మనిషిని నేను చూడలేదు. తొడ బయటి వైపు కండలోకి అర మిల్లీ, కాసేపటికి మరొకటి, రెండు చేతులకీ సెలైన్. దురదకిచ్చేదీ స్టెరాయిడూ ఆ తర్వాతే. అవి చుట్టాలు, పెళ్లికి వస్తాయి గానీ తాళి కట్టవు.

నాడి చేతికి అందింది. మస్తాన్‌బీ ఒక కన్ను తెరిచి చూసింది. ప్రాణం పోయి వచ్చిన మనిషి ఏదో గొప్ప మాట అంటుందని మేమంతా వంగి విన్నాం.

“మిద్దె మీద చెంచాలు ఎండేసినా. కోతులు ఎత్తకపోతాయి, ఎవురన్నా చూడండి” అంది.

చెక్కపొడి మీద తీర్పు

తేరుకున్నాక ఆత్మకూరు తీసుకెళ్లాం. మౌలాలి అడగాల్సిన ప్రశ్న అడిగాడు. “ఏం పడలేదు సార్?”

పెద్ద డాక్టరు గారు ఆమె చేతి గోళ్లలో పొడి చూశారు. “చెక్కపొడి. ఆ పని మానెయ్యమ్మా.”

నిజం చెప్పాలంటే అది నాకూ సబబుగానే తోచింది. చెక్కపొడితో ఉబ్బసం వచ్చేవాళ్లు ఉన్నారు. మస్తాన్‌బీ ఇంటికి పోయి ఉలులన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టిందని తర్వాత మౌలాలి చెప్పాడు.

పని మానేసిన చాలా రోజులకి, ఆత్మకూరులో అక్క ఇంట్లో కూర్చుని కబుర్లు చెబుతుండగా మళ్లీ అదే వచ్చింది. చుట్టుపక్కల చెక్క అంటే ఆమె కూర్చున్న కుర్చీ ఒక్కటే, అదీ ప్లాస్టిక్కు. మా దగ్గరికి తెచ్చారు, బతికింది. పెద్ద డాక్టరు గారు గుడ్డు ఆపమన్నారు. తర్వాతి సారి వంకాయ. ఆ తర్వాత చేప, వేరుశనగ, కందిపప్పు. పథ్యం అంటే మా వాళ్లకి భక్తి. డాక్టరు ఒకటి ఆపమంటే ఇంట్లోవాళ్లు రెండు ఆపుతారు, వీధిలోవాళ్లు ఇంకో రెండు కలుపుతారు. చివరికి ఆమె కంచంలో అన్నం, ఉప్పు, మిరియాల నీళ్లు మిగిలాయి. గాజులు మోచేతుల దాకా జారుతున్నాయి.

ఒకరోజు మౌలాలి నా బల్ల ముందు నిలబడ్డాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు బాగుండేది.

“సార్, ఇంక తీసేయడానికి అన్నం ఒక్కటే ఉండాది. అది కూడా తీసేయమంటారా?”

పక్కన మస్తాన్‌బీ ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇటు జబ్బు ఎప్పుడొచ్చి గొంతు పట్టుకుంటుందో తెలీదు. అటు మేం రాసిన పథ్యం రోజూ కొంచెం కొంచెం తింటోంది. పని లేదు. ఈ రెండిట్లో ఏది ముందు ఆమెను తీసుకుపోతుందనేదే మిగిలిన ప్రశ్న. ఇక ఊరుకునేది లేదని ఆ పూట అనుకున్నాను. ఇంత గట్టిగా నేను అంతకుముందు అనుకున్నది సిగరెట్టు మానడం గురించి. ఈసారి మాట నిలబెట్టుకున్నాను.

వెతకడం

ఒక పూటంతా ఆమెనే కూర్చోబెట్టుకుని అడిగాను. పెంచలయ్య నేర్పిన ప్రశ్నలన్నీ అయ్యాయి. జబ్బు తిన్నాక వచ్చింది, తినకముందూ వచ్చింది. పనిలో వచ్చింది, ఊరికే ఉన్నా వచ్చింది. బిళ్లలు లేవు, కుట్టినవి లేవు. ఏ రెండుసార్లకీ పొంతన లేదు. “సార్, మా పెళ్లి చూపుల్లో కూడా ఇన్ని అడగలేదు” అంది.

తర్వాత రక్త పరీక్ష. ఒంట్లో కొన్ని కణాలుంటాయి, చిన్న చిన్న తుపాకీ మందు సంచుల్లాంటివి. అవి ఒక్కసారిగా పగిలితేనే ఈ గొడవంతా. పగిలినప్పుడు ట్రిప్టేజ్ అనే పదార్థం రక్తంలో పెరిగి, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. కాబట్టి దాడి జరిగిన కాసేపటికే ఒకసారి, మనిషి పూర్తిగా బాగున్న రోజు ఒకసారి రక్తం తీసి రెండూ పోల్చాలి. మరోసారి దాడి వచ్చినప్పుడు గ్రేసమ్మ మర్చిపోకుండా రక్తం తీసి ఐసు డబ్బాలో పెట్టింది. నెల్లూరు బస్సులో పంపిస్తుంటే కండక్టరు డబ్బా ఊపి చూశాడు.

“ఏంది సార్, ఐస్‌క్రీమా?”

“కాదయ్యా, రక్తం.”

ఆ డబ్బాని దారి పొడుగునా తన సీటు మీద పెట్టి, తను నిలబడి పోయాడట.

దాడి రోజు ఎక్కువ, మామూలు రోజు మామూలే. అంటే రెండు సంగతులు తేలాయి. ఆమెకి వచ్చేది గాలో ధూళో భయమో కాదు, అచ్చమైన అనాఫిలాక్సిస్. ఆ కణాలకే ఏదైనా పెద్ద జబ్బు ఉందన్న ఆనవాలు కూడా కనిపించలేదు. చెన్నైలో అలర్జీ డాక్టరు దగ్గరికి పంపాం. ఆవిడ చేతి మీద చుక్కలు పెట్టి గుచ్చి చూశారు, తిండివీ, చెక్కపొడివీ. ఒక్కటీ పొంగలేదు. చీటీ మీద ‘ఇడియోపతిక్’ అని రాసి పంపారు. కారణం తెలియనిది అని దాని అర్థం. తెలుగులో చెబితే రోగి తిడతాడని గ్రీకులో పెట్టుకున్నాం.

ఇక మిగిలింది ఆ మాట ఆమెకి చెప్పడం. అది పెద్ద డాక్టరు గారే చెప్పాలని పట్టుబట్టాను.

“నువ్వే చెప్పరా. కేసు నువ్వే గదా చూస్తుండావు.”

“నా మాట ఎవరు వింటారు సార్? నాకింకా మీసమే సరిగ్గా రాలేదు. వంకాయ మానమన్నది మీరు. మీరు తినమంటేనే తింటుంది.”

ఆయన కిటికీలోంచి ఎదురు సందు వైపు చూశారు. తర్వాత మస్తాన్‌బీని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

“అమ్మా, నీకు ఏం పడడం లేదో మాకు తెలీదు. నేను ముందు చెప్పినవి తప్పు.”

మస్తాన్‌బీ ఆయన ముఖంలోకి చూసింది.

“అంటే చెక్క కాదా సార్?”

“కాదు.”

“గుడ్డు?”

“కాదమ్మా.”

“చేప? వంకాయ? కందిపప్పు?”

“ఏదీ కాదు.”

ఒక్క పూటలో అన్ని కూరగాయలు నిర్దోషులుగా విడుదలవడం ఆ ఆస్పత్రి చరిత్రలో అదే మొదలు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. పెద్ద డాక్టరు గారు మళ్లీ కిటికీ వైపు తిరిగారు. ఒక్క మాట చెప్పాలి. మర్నాడు ఆయన కుర్చీ ముందు ఎప్పుడూ ఉండేంత జనమే ఉన్నారు. ఒక్కడూ ఎదురు సందులోకి పోలేదు.

చెక్క సంగతి మాటతో వదిలేయలేదు. ఉలులు తెప్పించి ఆస్పత్రి వరండాలో ఆమెను చెక్కమన్నాం. పక్కనే గ్రేసమ్మ అడ్రినలిన్ పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెక్కపొడి గాల్లో తేలింది, ఆమెకి ఒక్క తుమ్ము రాలేదు. నాకొచ్చాయి. ఓపీకి వచ్చిన వాళ్లంతా ఆమె చుట్టూ చేరి బేరాలు మొదలుపెట్టారు. ఆ రోజు మా గిరాకీ కన్నా ఆమె గిరాకీ ఎక్కువ.

ఆంపూల్

కారణం తెలీదంటే ఏమీ చేయలేమని కాదు. ఇది బాగా గుర్తుంచుకోండి. దాడులు తరచుగా వస్తున్నాయి కాబట్టి చెన్నై డాక్టరు సలహా మీద రోజూ దురద మాత్ర, కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇచ్చి నెమ్మదిగా తగ్గించాం. దాడి వస్తే ఏం చేయాలో ఇంట్లోవాళ్లకి నేర్పాం. పెన్నులాగా తొడ మీద నొక్కితే చాలు, మందు దానంతటదే దిగే పరికరం ఉంటుందట. నేను దాన్ని పుస్తకంలో బొమ్మగా చూశాను. మా దగ్గర ఉన్నది ఆంపూలూ సిరంజీ.

మౌలాలికి బత్తాయి మీద నేర్పాను. గొడ్డలితో మానులు కొట్టే మనిషి, సూది చూడగానే చెమటలు పట్టాయి. గుచ్చమంటే కళ్లు మూసుకుని పొడిచాడు. రసం నా చొక్కా మీద పడింది.

“ఆ బత్తాయి చచ్చిపోయింది. నన్ను నేనే పొడుచుకుంటా, ఇట్టా తే” అంది మస్తాన్‌బీ.

ఆమె మొదటిసారే శుభ్రంగా చేసింది. అయినా మౌలాలిని వదల్లేదు, ఆమెకి స్పృహ లేకపోతే చేయాల్సింది అతనే. వచ్చిన ప్రతిసారీ ఒక బత్తాయి. గ్రేసమ్మ పళ్లు కొనలేక చివరికి పాత దిండు ఇచ్చింది.

పాఠం నాలుగు మాటల్లో చెప్పాం: ముందు పడుకో, తర్వాత సూది, తర్వాత ఫోను, ఆ తర్వాతే బండి, అదీ పడుకునే. మా ఎండలకి ఆంపూల్ బండి డిక్కీలో పెట్టకూడదు. డబ్బాలో పెట్టి, ఎక్కడికి పోయినా నీడలో, మనిషితో పాటే తీసుకుపోవాలి.

వింజమూరు పెళ్లి

వింజమూరులో వాళ్ల దగ్గరి చుట్టం పెళ్లి. జరిగింది మౌలాలి చెబితే విన్నదే. భోజనాలకి ఇంకా పిలవలేదు. మస్తాన్‌బీ ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. అరచేతులు దురద పెట్టాయి, కడుపులో మెలి తిప్పింది, నాలుక మందమైంది. ఎవరికీ ఏమీ చెప్పకుండా తివాచీ మీద పడుకుంది. చీర మీంచే తొడలో గుచ్చుకుంది. అప్పుడు మౌలాలిని కేకేసింది.

కాసేపట్లో జనమంతా మీద పడ్డారు. ఒక పెద్దాయన రెక్క పట్టుకున్నాడు. “లేపండ్రా, గాలి తగలనీయండి! బండి తీయండి, మధ్యలో కూర్చోబెట్టి తీసకపోదాం!”

మౌలాలి ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు. “లేపితే చస్తాది! ఎవురూ ముట్టుకోబాకండి!”

“ఏందిరా, పెద్దోడిననే గౌరవం లేకుండా?”

“గౌరవం తర్వాత ఇస్తా మామా, ముందు ఆ బియ్యం మూట ఇట్టా ఇయ్యి.”

కాళ్ల కింద బియ్యం మూట పెట్టాడు. నూట ఎనిమిదికి ఫోను చేయించాడు. ఆమె పెదవులు ఇంకా వాస్తూనే ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. రెండో ఆంపూల్ తనే విరిచాడు. వేలు తెగింది. కానీ ఈసారి కళ్లు మూసుకోలేదు. అంబులెన్సు వచ్చేసరికి మస్తాన్‌బీ పడుకునే ఉంది, మాట్లాడుతోంది. పడుకునే ఆత్మకూరు వచ్చింది. నేను చూసేసరికి నాడి బాగుంది. నేను చేయాల్సింది పెద్దగా ఏమీ మిగల్లేదు. రక్తం తీశాను, సెలైను పెట్టాను, మౌలాలి వేలికి కట్టు కట్టాను.

ఇప్పటికీ ఆమెకి దాడులు పూర్తిగా పోలేదు. బాగా పలచబడ్డాయి. కారణం ఇప్పటికీ తెలీదు. తెలీదని ఊరుకోలేదు కూడా. దాడి వచ్చిన ప్రతిసారీ పాత ప్రశ్నలన్నీ మళ్లీ మొదటి నుంచి అడగాల్సిందే, ఇవాళ లేని కారణం రేపు బయటపడొచ్చు. నా తర్వాత వచ్చిన డాక్టరమ్మకి ఇదే చెప్పి వచ్చాను. మీరు కూడా ఇలాంటి మనిషిని వదిలేయకండి. కారణం లేదు కదా అని ఇంకో డాక్టరు మీదికి తోసేయకండి. మస్తాన్‌బీ ఉదయగిరిలో రోజూ ఉలి పడుతోంది. తిండి తింటోంది. అయితే మళ్లీ తినడం ఎప్పుడు మొదలుపెట్టిందో చెప్పాలి. పెద్ద డాక్టరు గారు అన్నీ తినమని చెప్పినా, ఆమె మాత్రం ఆ పెళ్లి రోజు దాకా అన్నం, మిరియాల నీళ్లు దాటలేదు. భయం చీటీలు చదవదు.

ఆ రోజు సాయంత్రం, ఆమె మా వార్డులో ఉండగానే, పెళ్లికూతురి నాయన ఫోను చేశాడు.

“సార్, ఆయమ్మకి ఎట్టుండాది?”

“బాగుంది.”

“అమ్మయ్య. సార్, ఊరంతా మా బిర్యానీ పడలేదంటా ఉండారు. తిన్నోళ్లు కూడా గొంతు తడుముకుంటుండారు. మీరొక మాట చెప్పాల.”

“ఆమె మీ బిర్యానీ తిన్నదా?”

“యాడ సార్, అప్పటికింకా మూత కూడా తీయలా.”

“మూత తీయని బిర్యానీ మీద కేసేందయ్యా?”

“మరేం పడలేదు సార్?”

“తెలీదు.”

“మీరు డాక్టరే గదా సార్?”

మస్తాన్‌బీ మంచం మీంచి చెయ్యి చాపింది. ఫోను ఇచ్చాను. “అన్నా, నీ బిర్యానీ నన్నేం చేయలేదు. మిగిలుంటే కొంచెం పంపించు” అంది. మౌలాలి ఉలిక్కిపడి నా వైపు చూశాడు. నేను గ్రేసమ్మ వైపు చూశాను. గ్రేసమ్మ పోయి అడ్రినలిన్ సిరంజిలోకి తీసుకుని వచ్చింది.

వింజమూరు బస్సులో టిఫిను క్యారియరు వచ్చింది. మూత తీస్తే వార్డంతా వాసన. మస్తాన్‌బీ దిండుకి ఆనుకుని, కాళ్లు చాపుకుని, మొదటి ముద్ద కలిపింది. మంచానికి ఒక పక్క నేను, ఒక పక్క సిరంజితో గ్రేసమ్మ, కాళ్ల దగ్గర వేలికి కట్టుతో మౌలాలి. ముద్ద నోట్లోకి పోయింది. ఆమె నమిలింది. మింగింది. రెండో ముద్ద కలుపుతూ తలెత్తి మా ముగ్గుర్నీ చూసింది.

“ఏంది సార్ అట్టా చూస్తుండారు? దిష్టి తగలదా?” అని కంచం కొంచెం అటు తిప్పుకుంది.